అర్థం బాకీపడ్డ అవధాని

సింగనావధానికి ఏళ్ల తరబడి ఒక సందేహం ఉంది. భోజనానికి కూర్చుంటే వచ్చేది, జపం మధ్యలోనూ వచ్చేది. ఇప్పుడు మొసళ్ల కందకం మీద, తాళ్లకు వేలాడే వెదురుబుట్టలో ఇరుక్కుని, మాంత్రికుడి కోట గుమ్మం వైపు ఊగుతూ పైకి పోతున్న వేళ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

ఆయన కేసరగిరి ఆస్థానంలో అర్థం చెప్పే పండితుడు. పద్యం చదివే పని వేరొకరిది. పఠకుడు రాగం తీసి పద్యం చదివి ఊరుకుంటాడు. అవధాని గొంతు సవరించుకుని, 'అనగా' అని మొదలుపెట్టి, మాటమాటకీ అర్థం చెప్పి, చివర తాత్పర్యం చెప్పి ముగిస్తాడు. అప్పుడు జేగంట మోగుతుంది. సభ నవ్వినా ఏడ్చినా గంట మోగిన తర్వాతే.

ఈ రివాజు పెట్టింది ఇప్పటి రాజుగారి ముత్తాత. ఆయన ఒకనాడు నిండుసభలో ఒక పద్యం విని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడట. తీరా అర్థం చెప్పించుకుంటే అది ఆయన తండ్రిగారు పోయినందుకు రాసిన పద్యం. ఆ తలవంపు మళ్లీ ఎవరికీ రాకూడదని, అర్థం చెప్పి గంట కొట్టేదాకా తన రాజ్యంలో ఎవరూ నవ్వరాదు, ఏడవరాదు అని శాసనం వేయించాడు. కాలక్రమాన అది సభ దాటి ఇళ్లలోకి వచ్చింది. పెళ్లివిందులో ఎవరైనా హాస్యమాడితే పంక్తి మొత్తం చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని, పెద్దవాడొకడు విప్పి చెప్పి పళ్లెం మీద గరిటె కొట్టేదాకా కదలకుండా కూర్చునేది. పొరుగు రాజ్యాలవారు ఇది చూసి కేసరగిరి వాళ్ల మీద నవ్వుకునేవారు. వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో కేసరగిరి వాళ్లకు కాస్త ఆలస్యంగా తెలిసేది.

అవధాని సందేహం ఇది. పద్యం ముగిసీ ముగియగానే, తాను నోరు తెరవకముందే, సభలో సగంమంది కళ్లు చెమర్చి ఉండడం ఆయన ఎన్నోసార్లు చూశాడు. వాళ్లు పెదవులు బిగపట్టుకుని గంట కోసం కాచుకుని ఉండేవారు. అర్థం తన దగ్గరుంటే, తాను ఇంకా ఇవ్వకముందే వాళ్లకు చేరిందేమిటి? అది ముందే చేరిపోతే, ఇక తాను ఇచ్చేదేమిటి?

ఒకసారి భార్య నాగసానితో ఈ మాట అన్నాడు. ఆమె పప్పు వడ్డిస్తూ, "ఆకలి అంటే ఏమిటో ఎవరైనా అర్థం చెబితేనా మీకు ఆకలేసేది? తినండి," అంది. తర్వాత రివాజు ప్రకారం పళ్లెం మీద గరిటెతో ఒక్కటి కొట్టి, అప్పుడు నవ్వింది.

ఈ సందేహం ఆయన మనసులో పడ్డ రోజు ఆయనకు బాగా గుర్తు. ఆనాడు సభలో ఆడ ఏనుగు కథ చదివారు. వేటగాళ్లు పట్టుకున్న ఏనుగును గొలుసులతో నగరానికి తోలుకుపోతున్నారు. దాని మందంతా చెదిరిపోయింది, అడవిలో దానికంటూ ఎవరూ మిగల్లేదు.

అడవి చివర నిల్చి ఆ కరి తిరిగి
కడసారి వెనుకకే కన్నెత్తి చూచె.

పఠకుడు ఇది చదివాడు. అవధాని విప్పి చెప్పాడు. గంట మోగింది, సభ ఏడ్చింది. అంతా అయ్యాక రాజుగారి కూతురు హేలావతి, అప్పటికి చిన్నపిల్ల, వచ్చి ఆయన ఉత్తరీయం కొస పట్టుకుంది.

"అవధానిగారూ, అక్కడ దానికి ఎవరూ లేరు కదా. మరి ఎందుకు తిరిగి చూసింది?"

ఆయన పద్యాన్ని మనసులో అటూ ఇటూ తిప్పాడు. ఏ మాట కిందా జవాబు దొరకలేదు. "రేపు చెబుతాను తల్లీ," అన్నాడు. మర్నాడు ఆ పిల్ల, "రేపు వచ్చిందా?" అని అడిగింది. కొంతకాలం రోజూ అడిగింది. తర్వాత పెద్దదై అడగడం మానేసింది. అవధాని మాత్రం ఆమె ఎదురైతే దారి మార్చుకుని వసారా చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

ఆ హేలావతినే ఇప్పుడు ధూమ్రకంఠుడనే మాంత్రికుడు ఎత్తుకొచ్చి ఈ కోటలో పెట్టాడు. ఆమె ఎడమ మణికట్టుకు ఒక నల్లదారం కట్టాడు. దాని మహిమ ఏమిటో ఒక ముని చెప్పాడు: మాట ఆమె చెవికి చేరుతుంది, దాని అర్థం బుద్ధికీ చేరుతుంది, అక్కడితో సరి. లోపల ఏదీ తగలదు. అలాంటి మనిషికి 'సరే' అన్నది ఒట్టి శబ్దం. మూడు సాయంత్రాలు వరసగా పెళ్లికి 'సరే' అందంటే ఆమె శాశ్వతంగా మాంత్రికుడిది. రెండు సాయంత్రాలు గడిచాయి, రెండు 'సరే'లూ అయ్యాయి. ఈ వేళ పొద్దు గుంకేలోగా ఆమె కంటినీరు ఒక్క చుక్క ఆ దారం మీద పడితే అది తెగుతుంది.

అందుకే పెళ్లివంటలకు మనుషులు కావాలని మాంత్రికుడు దండోరా వేయించగానే, ఆమె అన్న, యువరాజు చిత్రబాహుడు, అవధానిని వెంటబెట్టుకుని వంటవాడి వేషంలో బయలుదేరాడు. అవధానికి వేషం అక్కర్లేకపోయింది. బొజ్జ చూసి అందరూ పెద్దవంటవాడనే అనుకున్నారు.

"అవధానిగారూ, ఆ పొట్లకాయ మీద చెయ్యి వెయ్యకండి," అన్నాడు యువరాజు బుట్టలో ఒదిగి. "పగిలితే లోపలి ఖడ్గం బయటపడుతుంది."

"నా చెయ్యి చెంబు మీద ఉంది బాబూ."

"కత్తి దాచడానికే చోటు లేక పొట్లకాయ వెతుక్కున్నాం. ఈ కంచు చెంబు ఎందుకు తెచ్చారు?"

"సంధ్య వార్చుకోవద్దా? పైగా ఇది మా ఆవిడ పుట్టింటి చెంబు. నేను కాస్త ఆలస్యంగా వచ్చినా ఫర్వాలేదు, చెంబు మాత్రం క్షేమంగా రావాలని చెప్పి మరీ పంపింది."

యువరాజు నిట్టూర్చాడు. "గుమ్మం దగ్గరి సంగతి గుర్తుంది కదా?"

గుర్తుంది. కేసరగిరి నుంచి ఎవరో ఒకరు వస్తారని మాంత్రికుడికి తెలుసు. అందుకని గుమ్మంలో వక్రదంష్ట్ర అనే రాక్షసిని పెట్టాడు. వచ్చినవాళ్లకు ఆమె ఒక హాస్యకథ చెబుతుంది. వెంటనే నవ్వినవాడు లోపలికి, గంట కోసం చూసినవాడు కందకంలోకి.

"ఆమె నోరు మూసిన మరుక్షణం నవ్వండి," అన్నాడు యువరాజు. "నేను దారంతా సాధన చేశాను."

బుట్ట గుమ్మానికి తగిలి ఆగింది. తలుపులకు కొట్టిన ఇత్తడి సింహాల నోళ్లలోంచి పొగ వస్తోంది. గడప మీద ఎనుబోతుల తలలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య, తాటిదుంగంత జడను ఒళ్లో వేసుకుని, వక్రదంష్ట్ర దువ్వెనతో పేలు దువ్వుకుంటోంది.

"వంటవాళ్లా? రండిరా. ముందు కథ వినండి," అంది. "ఒక భూతం ఒక పిసినారి ఇంట్లో దూరింది."

అని, పేను ఒకటి చిక్కితే చూసుకోవడానికి నోరు మూసింది. యువరాజు గుమ్మం దద్దరిల్లేలా నవ్వాడు.

రాక్షసి దువ్వెన దించింది. "ఇంకా చెప్పలేదురా."

"పిసినారి ఇల్లనగానే జరగబోయేది కళ్లకు కట్టిందమ్మా. తమరు చెప్పే తీరు అలాంటిది."

ఆమె ముఖం విప్పారింది. "నువ్వు లోపలికి పో. నువ్వు ఉండు పెద్దాయనా, విను. అర్ధరాత్రి భూతం ఝుమ్మని లేచి పిసినారి మంచం ఊపింది. వాడు కళ్లు తెరిచి, 'ఎలాగూ మేలుకునే ఉంటావు, వాకిలి ఊడ్చి పెట్టు' అని చీపురు చేతికిచ్చాడు. రెండో రాత్రి నీళ్లు తోడమన్నాడు. మూడో రాత్రి పిండి రుబ్బమన్నాడు. నాలుగోనాడు భూతం భూతవైద్యుడి కాళ్ల మీద పడింది, 'అయ్యా, ఆ ఇంట్లో మనిషి ఉన్నాడు, వదిలించండి' అని."

అవధానికి నవ్వు నాభి దగ్గర పుట్టింది. బొజ్జ కదిలింది, బుగ్గలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వాలని ఆయనకు తెలుసు. నవ్వకపోతే కింద మొసళ్లున్నాయని కూడా తెలుసు. కాని పెదవులు తెరుచుకోలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ గంట మోగనిదే విడిపోని పెదవులవి. ఆయన చూపు తనకు తెలియకుండానే గుమ్మం పక్కన వేలాడే గంట వైపు పోయింది. ఎవరూ కొట్టలేదు. అప్పుడు పెదవులు తెరుచుకోనే తెరుచుకున్నాయి. వాటిలోంచి వచ్చింది నవ్వు కాదు.

"అనగా," అన్నాడు అవధాని, "ఇక్కడ భూతం కన్నా లోభియే భయంకరుడని..."

రాక్షసి లేచి ఆయన మెడ వెనక పట్టుకుని, పిల్లిపిల్లను ఎత్తినట్టు ఎత్తింది.

"నా కథ చంపేశావు కదరా," అంది నిజంగా బాధపడుతూ. "కేసరగిరి వాడివి కాక మరెవరివి?"

లోపల పది అడుగుల దూరంలో యువరాజు చెయ్యి పొట్లకాయ మీదికి పోయింది. అవధాని కళ్లతోనే వద్దన్నాడు. ఆ చూపుకు మాత్రం యువరాజుకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. తల వంచుకుని వంటశాల దారి పట్టాడు.

ధూమ్రకంఠుడి కొలువుకూటం చూస్తే గుండె జారిపోతుంది. నల్లరాతి స్తంభాలకు రాతి పాములు చుట్టుకుని ఉన్నాయి, వాటి కళ్లలో కెంపులు, పడగల నుంచి ఒకే తాడుకు వేలాడే దీపాలు. కప్పు నుంచి గబ్బిలాలు గుత్తులుగుత్తులుగా, ద్రాక్షపళ్లు కాసినట్టు వేలాడుతున్నాయి. నేల అద్దంలా మెరుస్తోంది, అందులో నడిచేవాడి నీడ వాడి కన్నా ఒక అడుగు ముందే పోతోంది. నడుమ, పడమటి కిటికీ ఎదురుగా, సూర్యుడు కనిపించేలా ఒక దంతపు పీఠం. దాని మీద పసుపుచీరలో హేలావతి కూర్చుని ఉంది. ముఖం చిత్తరువులా ఉంది. చిన్నప్పుడు ఈ పిల్ల ముఖంలో ఏ భావమూ ఒక్క క్షణమైనా నిలిచేది కాదు.

ధూమ్రకంఠుడు పెళ్లికొడుకు ముస్తాబులో ఉన్నాడు. నెరిసిన గడ్డానికి అప్పుడే నల్లరంగు వేయించుకుంటున్నాడు. కేసరగిరి అర్థకర్త దొరికాడని విని రంగు వేసే దాసీని మధ్యలోనే పొమ్మన్నాడు.

"కూర్చో అవధానీ," అన్నాడు సరదాగా. "నిన్ను చంపడానికి ఇంకా పొద్దుంది. నా దారం గొప్పదా, నీ విద్య గొప్పదా చూద్దాం. ఈ పిల్లకు నీకు చేతనైనన్ని పద్యాలు విప్పి చెప్పు. కన్నీరొచ్చిందా, తీసుకుపో. రాలేదా, మొసళ్లకు నీ బొజ్జ."

అవధాని నరసింహస్వామిని తలుచుకున్నాడు. చెంబు పీఠం పక్కన పెట్టుకుని, రెండు గుక్కలు తాగి, మొదలుపెట్టాడు. కొడుకును పోగొట్టుకున్న తల్లి పద్యం చెప్పాడు. కరువులో విత్తనాలు తినక దాచి చచ్చిపోయిన రైతు పద్యం చెప్పాడు. చదవడమూ తానే, విప్పడమూ తానే. జీవితంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. కాపలా రాక్షసులు ఈటెలు గోడకు ఆనించి ముక్కులు చీదుకోసాగారు. ఒక ముసలి రాక్షసుడు పక్కవాడి భుజం మీద తల వాల్చి, "మా అమ్మ గుర్తొస్తోందిరా," అన్నాడు.

"నువ్వే కదరా ఆమెను తిన్నది," అన్నాడు పక్కవాడు.

"అయితే మాత్రం?"

హేలావతి వింది. "తెలిసింది," అంది.

అవధాని ఇంకో పద్యం చెప్పాడు.

"తెలిసింది. పోయిన కార్తికంలో ఈ మూడో మాటకు వేరే అర్థం చెప్పారు. రెండూ సరిపోతాయి," అంది అదే గొంతుతో.

అవధానికి చెమట పట్టింది. మాటలు ఆమెకు తెలుసు. వాటి అర్థం తన కన్నా శుభ్రంగా తెలుసు. తాను సభలో ఇన్నేళ్లూ పంచిపెట్టిందంతా ఈ పిల్ల దగ్గర చుక్క కారకుండా ఉంది. అయినా ఏమీ లేదు. మరి జనానికి చేరిందేమిటి? ఆయన సందేహం ఇంత ఇబ్బందికరమైన చోట ఎప్పుడూ ఎదురు కాలేదు.

అంతలో వంటశాల తలుపు తెరుచుకుని యువరాజు చంకలో పొట్లకాయతో, చేతిలో పళ్లెంతో వచ్చాడు. పళ్లెం నిండా తరిగిన ఉల్లిపాయలు. పెళ్లికూతురికి ఫలహారమంటూ తిన్నగా పీఠం ముందు పెట్టి, విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు. సగం కూటం ఏడ్చింది. గబ్బిలాలు తుమ్మాయి. ధూమ్రకంఠుడు కళ్లు నలుపుకుంటూ, "ఏ వెధవరా అది," అన్నాడు. హేలావతి కళ్లలో నీళ్లు నిండాయి. ఒక చుక్క జారి సరిగ్గా నల్లదారం మీద పడింది.

యువరాజు విసనకర్ర ఆపాడు. దారం తడిసింది. అంతే.

"ఉల్లిపాయ వల్ల," అంది హేలావతి.

ధూమ్రకంఠుడు పగలబడి నవ్వాడు. "ఈ తేడా నా దారానికి కూడా తెలుసు. పళ్లెం తీసుకుపోరా, పెళ్లయ్యాక నీ సంగతి చూస్తాను."

యువరాజు మొహం వేలాడేసుకుని తలుపు దాకా వెళ్లి, గంగాళం చాటున ఆగాడు. కిటికీలో సూర్యుడు కొండకొమ్ముకు తాకాడు.

"ఇంకేమైనా ఉందా అవధానీ?" అన్నాడు మాంత్రికుడు.

జవాబు హేలావతి చెప్పింది. కొట్లో ఏ సామాను ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. "ఒకటి ఉంది. ఏనుగు ఎందుకు తిరిగి చూసిందో రేపు చెబుతానన్నారు. చెప్పలేదు."

అవధాని చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ పిల్ల మరిచిపోయిందనుకుని వసారాల చుట్టూ తిరిగినదంతా వృథా.

"పుట్టిన చోటు కనుక చూసిందమ్మా," అన్నాడు.

"తెలిసింది."

"తాగిన నీళ్లు, తిరిగిన దారులు. మళ్లీ కనబడవని తెలిసి..."

"తెలిసింది."

"మంద మళ్లీ వస్తుందేమోనని ఆశ. ఆశ లేదని తెలిసినా..."

"తెలిసింది. ఇవన్నీ సరిపోతాయి," అంది హేలావతి. "అందుకే ఏది అన్నది తెలియదు."

"చాలు," అన్నాడు ధూమ్రకంఠుడు. "పొద్దు గుంకుతోంది. వీణ్ని కందకంలో పారేయండి."

నలుగురు రాక్షసులు వచ్చి అవధాని నడుముకు గొలుసు చుట్టారు. ఆయన ఎదురు తిరగలేదు. ఇద్దరు ముందు లాగారు, ఇద్దరు వెనక నెట్టారు. అంత భారీ మనిషి, తల వంచుకుని, ఒక్కో అడుగే వేస్తూ కూటం పొడవునా నడిచాడు. స్వామిని తలుచుకుందామంటే మనసు నిలవలేదు. నాగసాని గుర్తొచ్చింది. నాగసానితో పాటు చెంబు గుర్తొచ్చింది.

చెంబు పీఠం దగ్గరే ఉండిపోయింది.

గడప మీద ఆయన ఆగాడు. రాక్షసులు గొలుసు గుంజినా కదల్లేదు. మెల్లగా తిరిగి, చెంబు కోసం వెనక్కి చూశాడు. చెంబు అక్కడే ఉంది, సాయంకాలపు ఎండకు మెరుస్తూ. దాని వెనక పీఠం. పీఠం మీద, ఒకనాడు తన ఉత్తరీయం కొస పట్టుకున్న పిల్ల. ఇక ఆయన చూపు చెంబు మీద ఉందో, పిల్ల మీద ఉందో ఆయనకే తెలియదు. అలవాటు కొద్దీ పెదవులు విడివడ్డాయి. 'అనగా' రాలేదు. ఏమీ రాలేదు. ఊరికే చూశాడు.

హేలావతి ఆయన్ని చూసింది. నడుముకు గొలుసు, చుట్టూ పట్టినవాళ్లు, గడప, ఆ పెద్ద శరీరం సగం తిరిగి నిలబడడం. ఆమె కనుబొమలు కొద్దిగా దగ్గరయ్యాయి.

"ఓ," అంది.

ఆ ఒక్క అక్షరంలో గొంతు వణికింది. చుక్క ఎప్పుడు రాలిందో ఎవరూ చూడలేదు. దారం టప్పున తెగిన చప్పుడు మాత్రం అందరికీ వినబడింది.

కిటికీలో సూర్యుడు అంచు దాకా దిగాడు. ధూమ్రకంఠుడు తత్తరపడి పీఠం మీదికి ఉరికాడు. "హేలావతీ, నన్ను పెళ్లాడతావా? సరే అను. అను."

హేలావతి కళ్లు తుడుచుకుని అతని ముఖం చూసింది. గడ్డం సగం కాటుకలా నల్లగా ఉంది, సగం పిండిలా తెల్లగా ఉంది. ఆమె నవ్వింది. గంట లేదు, గరిటె లేదు, 'అనగా' లేదు. కేసరగిరి రాజవంశంలో ముత్తాత తర్వాత, నిజంగా నవ్వొచ్చి, గంట కోసం ఆగకుండా నవ్విన మొదటి మనిషి ఆమె. నవ్వు అంటుకుని మొదట ముసలి రాక్షసుడు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చిన వక్రదంష్ట్ర యజమాని గడ్డం చూసి, దువ్వెన జారవిడిచి, నేల మీద కూలబడింది. సూర్యుడు మునిగాడు.

"ఇప్పుడు, అవధానిగారూ!" అన్నాడు యువరాజు.

పొట్లకాయ ఎగిరి ముక్కలైంది. ఖడ్గం మెరిసింది. ఒక వేటుకు గొలుసు తెగింది, రెండో వేటుకు దీపాల తాడు తెగింది. చీకట్లో రాక్షసులు ఒకరి మీద ఒకరు పడ్డారు. ధూమ్రకంఠుడు మంత్రం అందుకోబోయాడు, ఉల్లిపాయ ఘాటుకు తుమ్ము వచ్చి మంత్రం మధ్యలో తెగింది. సగం మంత్రానికి అతని చేతులు మాత్రం రెక్కలయ్యాయి.

యువరాజు చెల్లెల్ని ఒక చేత్తో, అవధానిని ఒక చేత్తో లాక్కుని వంటశాలలోకి పడ్డాడు. అక్కడ పెళ్లి పాయసం కోసం తోమిపెట్టిన ఇంకో గంగాళం, పడవంత ఉంది, మురుగునీరు పోయే వాలుదారి అంచున పెట్టి ఉంది.

"ఇందులో కూర్చోండి."

"నేను కూర్చుంటే ఇంకెవరికీ చోటుండదు బాబూ."

"మీరు ముందు కూర్చోండి, తర్వాత చూద్దాం."

యువరాజు రెండు పెద్దగరిటెలు లోపల పడేశాడు. ముగ్గురూ ఎక్కారు. గంగాళం వాలు మీద గిరగిరా తిరుగుతూ జారి, మెట్లు మెట్లుగా ఎగిరి, దభీమని కందకంలో పడింది. మొసళ్లు నోళ్లు తెరుచుకుని వచ్చాయి. యువరాజు పెద్దగరిటెతో మొదటిదాని ముక్కు మీద కొట్టాడు. గరిటె గంగాళం అంచుకు తగిలి ఖంగుమంది. ఆ చప్పుడు వినగానే అవధానిలో ఏదో వదులైంది. గుమ్మం దగ్గర బిగపట్టిన నవ్వంతా, భూతమూ పిసినారీ చీపురూ కలిసి, ఒక్కసారిగా బయటికొచ్చింది. ఆయన నవ్వుకు గంగాళం ఊగి ఊగి అలలు లేచాయి. మొసళ్లు ఇదేదో తమ కన్నా పెద్ద జంతువని వెనక్కి తగ్గాయి. ఆ అలల మీదే గంగాళం కందకం గండి దాటి నదిలో పడింది.

నది వేగంగా ఉంది. ఎక్కడో ముందు నీళ్లు లోతుగా దూకుతున్న హోరు వినిపిస్తోంది. వెనక, కోట మీంచి సగం మనిషీ సగం గద్దా అయిన ఆకారం ఒకటి పడుతూ లేస్తూ ఎగిరి వస్తోంది. పడమట ఇంకా కాస్త ఎరుపు మిగిలి ఉంది. గంగాళం అడుగున చేరిన నీటిని హేలావతి దేనితోనో తోడి పారబోస్తోంది. అవధాని వంగి చూశాడు. కంచు చెంబు.

"పరుగులో ఇది తెచ్చావా తల్లీ?"

"మీ వస్తువు వదిలేసి వస్తానా?" అంది. తోడడం ఆపి చెంబు ఒళ్లో పెట్టుకుంది. "అవధానిగారూ, ఇన్నాళ్లూ మీ మీద కోపంగా ఉండేది. జవాబు మీకు తెలిసీ చెప్పలేదనుకున్నాను. చెప్పేది కాదని, చూపించాల్సిందని ఇప్పుడు తెలిసింది. మృత్యువు దగ్గరికి పోతూ కూడా నా బాకీ తీర్చడానికి ఆగారు కదా."

అవధాని నోరు తెరిచాడు. చెంబు కోసమే తిరిగాను తల్లీ అన్న మాట నాలుక మీదికి వచ్చింది. ఆమె ముఖం వైపు చూశాడు. అందులో ఏదీ ఒక్క క్షణం కూడా నిలవడం లేదు, నవ్వూ ఏడుపూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. తాను ఇవ్వనిది ఆమెకు చేరింది. చేరిందైతే నిజం. ఏనుగు కూడా దేనికోసం తిరిగిందో ఎవరు చూశారు?

ఆయన నోరు మూశాడు.

"సంధ్య దాటిపోతోంది," అన్నాడు. "కాస్త నీళ్లు పొయ్యి తల్లీ."

హేలావతి చెంబుతో నదినీళ్లు ముంచి ఆయన దోసిట్లో పోసింది. ఊగే గంగాళంలో మోకాళ్ల మీద నిలబడి, మిగిలిన ఎరుపు వైపు తిరిగి, అవధాని అర్ఘ్యం విడిచాడు.

"ఇక బాకీ లేదండీ," అంది హేలావతి.

"లేదమ్మా," అన్నాడు అవధాని. చెంబు బొడ్డులో దోపుకుని, హోరు దగ్గరవుతున్న వైపు చూస్తూ, తెడ్డుకు బదులు రెండో గరిటె అందుకున్నాడు.